తొమ్మిదింటికి ముడుచుకునే పువ్వు

మొదటి గీత వంకర పోయింది. రెండు వేళ్లతో తట్టింది, పోయింది. మళ్లీ గీసింది, మళ్లీ వంకర, మళ్లీ రెండు వేళ్లు, మళ్లీ తెల్లటి అద్దం. కాగితమైతే ఈపాటికి బ్లేడు గీట్లకు నూగు లేచి, నా ఒళ్లు హూనం చేశావు కదే అని ముఖం మీదే అడిగి ఉండేది. ఈ స్క్రీన్ అద్దం అలా అడగదు, ఎన్నిసార్లు తప్పినా ఏమీ ఎరగనట్టే చూస్తుంది, అదే దాని మంచితనం, అదే దాని పొగరు. గోడ గడియారం ఎనిమిదీ ఐదు చూపిస్తోంది. కిటికీ పక్కన గాజు గ్లాసులో, వేళ్లకున్న మట్టి కడిగి నిలబెట్టిన జానెడు మొక్క, దాని తల మీద గోరంత నీలి పువ్వు, పైన రెండు రేకులు, కింద ఉందా లేదా అన్నట్టు ఒక తెల్ల రేకు. పొద్దు పొడుస్తూనే విచ్చుకుంటుందట. ఊరూరా తిరిగి మొక్కలు తెచ్చే మనిషి, ఆఫీసులో అందరికీ మొక్కలాయన, ఏడున్నరకే వచ్చాడు, ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది, గ్లాసు బల్ల మీద పెట్టి, “తొమ్మిదింటికి ముడుచుకుంటుందమ్మా, ఇక విప్పదు. ఈ ఏడాదికి ఇదే ఆఖరి పువ్వు. తర్వాత చెప్పలేదనొద్దు,” అన్నాడు. అనేసి వెళ్లి బెంచీ మీద పడుకుని నిద్రపోయాడు కూడా. అదృష్టవంతుడు, తెచ్చాక ఆయన పని అయిపోయింది. తను ఇక్కడ, ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ మొక్కల పరిశోధన ఆఫీసులో ఇదే కిటికీ పక్కన ఇదే కుర్చీలో కూర్చుని సిరాతో మొక్కల బొమ్మలు వేసిన మనిషి, నీడలన్నీ చుక్కలతోనే తెస్తుందని చుక్కలమ్మ అని పేరు పడిపోయిన మనిషి, యాభై ఆరేళ్ల వయసులో ఒక గీత కోసం తంటాలు పడుతోంది.

ఇంకా యాభై ఐదు నిమిషాలు. పూర్తి మొక్క ఒకటి, పువ్వు నాలుగింతల సైజులో ఒకటి. పువ్వు ముందు గీయాలి, ఆకులు ఎక్కడికీ పోవు. డైరెక్టరుగారు నిన్న సాయంత్రం గదిలోకి వచ్చి, కూర్చోకుండా, కుర్చీ వీపు పట్టుకుని నిలబడి చెప్పింది. తనకన్నా పదేళ్లు చిన్నది, చెడ్డది కాదు, చెడ్డదైతే బాగుండేది, కోపమైనా తెచ్చుకోవచ్చు. “నెల కిందట అనుకున్నట్టే, పరిశోధన పత్రికవాళ్లు ఇక కాగితం బొమ్మలు తీసుకోరట అమ్మా. స్క్రీన్ మీద గీసినవే కావాలట, గీత ఎక్కడా తెగకూడదట. మీరే వేయాలని నా కోరిక. కష్టమనిపిస్తే మొహమాటపడకండి, రికార్డు గదిలో మీకు చోటు ఉంచాను. రేపటి బొమ్మ చూసుకుని మీరే చెప్పండి.” రికార్డు గది. చీటీలు రాసి అట్టలకు అంటించే పని, ఇంకా నాలుగేళ్లు. ఆ గదికి కిటికీ లేదు. గది మాట వినగానే ముందు గుర్తొచ్చింది అదే, జీతమూ కాదు పరువూ కాదు, కిటికీ. ఎందుకంటే వెలుతురు ఎప్పుడూ ఎడమవైపు పైనుంచే పడాలి, ఏ దేశపు మొక్కయినా సరే, ఎవరు వేసినా సరే, అది ఈ పనిలో కట్టుబాటు, నీడలన్నీ కుడివైపు కిందనే. ఇన్నేళ్లు అలా చూసీ చూసీ ఇంట్లో కూడా ఎడమవైపు కిటికీ లేని చోట కూర్చుంటే ఏదో తప్పు జరుగుతున్నట్టే ఉంటుంది.

ఊపిరి బిగబట్టింది. పై రేకు అంచు, ఎడమనుంచి కుడికి, ఒకే ఊపులో. సగం దాకా బాగానే వచ్చింది, వంపు తిరిగే చోట పెన్ను చివర చిన్నగా కొట్టుకుంది, రంపపు పళ్లలా మూడు గాట్లు. రెండు వేళ్లు. ఈ తట్టడం ఒకటి. కోడలు నేర్పింది. కేకుల దుకాణాలకు రంగురంగుల పోస్టర్లు గీసే పిల్ల, పెళ్లయి వచ్చి రెండేళ్లు, తన పాత టాబ్లెట్‌ను అత్తగారి ఒళ్లో పెట్టి, “తప్పయితే రెండు వేళ్లతో తట్టండి అత్తయ్యా, వెనక్కి పోతుంది. ఎన్నిసార్లయినా పోతుంది,” అంది. అత్తకు కోడలు పాఠాలు చెప్పే రోజులు. కట్టుకున్న ఆయన పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని, దారం పళ్ల మధ్య పెట్టుకుని నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ, అత్తా ఒకింటి కోడలే, తను కూడా ఒకప్పుడు పాళీ పట్టుకోవడం రాక అరచేతులు నల్లగా చేసుకున్నదే. నేర్చుకుంది. నెల రోజులు నేర్చుకుంది. మొదట్లో గీత గీసి ఆరుతుందని ఉఫ్ మని ఊదేది, ఆ అద్దం మీద, కోడలు నోరు మూసుకుని పక్కకు తిరిగి భుజాలు కదిలేలా నవ్వేది. తర్వాత అలవాటు అటునుంచి ఇటు పాకింది. పప్పులో ఉప్పు ఎక్కువ పడిన రోజు తన వేళ్లు రెండూ వాటంతటవే పొయ్యిగట్టు మీద టపటపా తట్టాయి. పప్పు వెనక్కి పోలేదు. మజ్జిగ కలుపుకుని తిన్నారు అందరూ.

ఇదిగో ఈ గాటు. అద్దం మీద కుడి మూలకు, వేలు పోనిస్తే తెలుస్తుంది, వెంట్రుకంత. అది ఆఫీసువాళ్లు ఇచ్చిన కొత్త స్క్రీన్ మీద మొదటి రోజే తను పెట్టిన బొట్టు. ఆకు పొడవు కొలవాలి కదా, ఇరవై ఎనిమిదేళ్లుగా కొలిచినట్టే డివైడరు తీసుకుని, ఒక ముల్లు ఆకు మొదట్లో ఆనించి, రెండో ముల్లు తెచ్చి అద్దంలో గుచ్చింది. కాగితంలో అయితే ముల్లు కొద్దిగా దిగుతుంది, ఆ చిన్న చిల్లే కొలతకు ఆధారం. అద్దం దిగనివ్వలేదు, కర్ర్ మంది. కొత్త వస్తువు, ఇంకా అంచులకు పారదర్శక కాగితం ఊడదీయనే లేదు. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కూర్చుంది, ఎవరికీ చెప్పలేదు, ఆ మూలకు ఎప్పుడూ చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు మాత్రం ఆ గాటే ఈ అద్దంలో తనకు తెలిసిన చోటు, పాత బల్ల మీద సిరా మరకలా. బొటనవేలితో దాన్ని తడుముకుని మళ్లీ మొదలుపెట్టింది. ఎనిమిదీ పదమూడు.

పువ్వు మధ్యలో పసుపు కేసరాలు, మూడు పెద్దవి, మూడు చిన్నవి, చిన్నవి ఉత్త వేషాలు, పుప్పొడి ఉండదు వాటిలో. చూసింది గియ్యి, తెలిసింది గియ్యకు, అనేవారు తనకు ఈ పని నేర్పిన మాస్టారు. తెలిసింది గీస్తే నీ బొమ్మ అవుతుంది, చూసింది గీస్తే మొక్క బొమ్మ అవుతుంది. మాస్టారు ఉండి ఉంటే ఈ అద్దాన్ని ఏమనేవారు. ముందు, ఇది ఎంత పెద్దది అని అడిగేవారు. అదే తను కూడా అడిగింది, కోడలు అర్థం కానట్టు చూసింది. కాగితం ఎంతంటే అంత, కంటికి ఎదురుగా ఉంటుంది. ఈ బొమ్మకు సైజు లేదు, రెండు వేళ్లు విడదీస్తే పుప్పొడి రేణువు పళ్లెమంత అవుతుంది, దగ్గరికి చేస్తే మొత్తం మొక్క వేలిగోరంత అవుతుంది. ఆ మాయలో పడి మూడు రోజులు ఒకే ఆకును పళ్లెమంత చేసుకుని, దాని నీడలో చుక్క పక్కన చుక్క, చుక్క పక్కన చుక్క, రెండు వేల చుక్కలు పెట్టింది, తన జన్మలో అంత సన్నటి పని చేయలేదనుకుంది, అచ్చు తీస్తే ఆ ఆకు స్థానంలో నల్లటి మచ్చ వచ్చింది, తారు బొట్టులా. చుక్కలన్నీ ఒకదాన్నొకటి మింగేశాయి. దూరంనుంచి చూస్తే ఒకటయ్యే చుక్కలు దగ్గరికెళితే రెండన్న మాట, దగ్గర రెండయినవి దూరం పోతే ఒకటన్న మాట, ఇంత చిన్న సంగతి చుక్కలమ్మకు తెలియక మూడు రోజులు పోయాయి. ఆ పూట ఇంటికి వెళ్లి అన్నం తినకుండా పడుకుంది.

మళ్లీ వంకర. ఇప్పుడు తట్టలేదు, చూస్తూ ఉంది. ఇది అద్దం తప్పు కాదు. ఒప్పుకోవలసిన మాట ఒప్పుకోకుండా ఎంతసేపని ఊదడం, గాటు, పళ్లెం అని కథలు చెప్పుకుంటుంది. చెయ్యి వణుకుతోంది. రెండేళ్లయింది. మొదట బొటనవేలి మొదట్లో చీమ పాకినట్టు ఉండేది, తర్వాత చెంచా గ్లాసుకు తగిలి గలగలమనేది, తర్వాత ఊపిరి బిగబడితే తప్ప గీత నిలబడేది కాదు. చెయ్యి తిరిగిన మనిషి అంటారు తనను, ఇప్పుడు నిజంగానే తిరుగుతోంది, తన మాట వినకుండా. కాగితం మీద దాచింది. పొడవు గీతలు మానేసి, అరంగుళం గీయడం, ఆగడం, అరంగుళం గీయడం, అతుకు మీద చుక్క పెట్టడం. గీత చేయలేని పనల్లా చుక్కకు అప్పగించింది. చుక్కకు స్థిరంగా పోవడంతో పని లేదు, ఒక్కసారి దిగి లేస్తే చాలు. ఈ రెండేళ్లలో తన బొమ్మల్లో చుక్కలు మరీ పెరిగాయి, అందరూ మెచ్చుకున్నారు, వయసుతో పాటు పనితనం ముదురుతోంది అన్నారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇప్పుడు పత్రికవాళ్లకు తెగని గీత కావాలట. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

ఎనిమిదీ ఇరవై రెండు. పువ్వు కింది రేకు కొద్దిగా లోపలికి ఒంగింది, లేదా తనకు అలా అనిపించింది. ఉదయం టీ తాగుతూ ఆయనతో కూడా తగువు పడింది ఈ కంగారులో. ఈమధ్య ఆయన తనకు అరగ్లాసు టీయే పోస్తున్నాడు, తన గ్లాసు మాత్రం అంచుదాకా నింపుకుంటాడు. “పాలు కొనలేకపోతున్నావా, నాకు సగమే పోస్తావు?” అంది. “మళ్లీ పోస్తాలే, తాగు,” అన్నాడు, ఎప్పుడూ అదే మాట, మళ్లీ పోస్తాలే. నిజంగానే మళ్లీ పోస్తాడు, మళ్లీ అరగ్లాసే. పిసినారితనం కాదు, దర్జీ చెయ్యి కదా, గుడ్డ కత్తిరించినట్టు టీ కూడా కొలిచి పోస్తాడేమో అనుకుంది. ఎందుకు గుర్తొచ్చింది ఇప్పుడు అరగ్లాసు. పువ్వు. పువ్వు చూడు.

స్క్రీన్ అంచున నిలువుగా ఒక మీట ఉంది, దాని కింద స్మూతింగ్ అని రాసి ఉంది. ఇప్పుడు సున్నా దగ్గర ఉంది. కోడలు మొదటి వారమే చూపించింది, “దీన్ని పైకి జరిపితే గీత నున్నగా వస్తుంది అత్తయ్యా, చెయ్యి అటూ ఇటూ అయినా అదే సర్దుకుంటుంది. నేనూ వాడతాను, అందరూ వాడతారు.” తను వెంటనే దాన్ని కిందికి లాగేసింది. ఆ పిల్లకు ఏమీ తెలియదు, మామూలుగానే చెప్పింది, కానీ గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది తన పని. ఎందుకట నాకు, నేను గీసిన గీత నాది కాకుండా పోవడానికా, అంది పైకి. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్క గీత కూడా ఒకరి చేత్తో గీయించుకోలేదు అంది ఇంకా గట్టిగా. ఆ మాట అన్నాక మాత్రం ఎక్కడో చురుక్కుమంది, ఎందుకంటే ఒకరి చేత్తో గీయించుకోలేదు గానీ, ఒకరి గీతలు గీసింది. ఎవరికీ చెప్పని సంగతి, ఆయనకు కూడా చెప్పలేదు.

మాస్టారికి ఉద్యోగంలో ఆఖరి ఏడు నెలలు. ఏటి ఒడ్డు మొక్కల పుస్తకం, నలభై ఒక్క బొమ్మలు, అది పూర్తిచేసి దిగిపోవాలని ఆయన పట్టు. ఇదే గది, ఈ బల్లకు అటుపక్క ఆయన, ఇటుపక్క తను. ఒక సాయంత్రం ఆయన వెళ్లాక బల్ల తుడుస్తూ చూసింది, ఆయన పొద్దుటినుంచి సిరాతో దిద్దిన కాడ, కాడ కాదు, కుట్టు ఊడిన దారం, అటూ ఇటూ ఊగుతూ. ఆ చెయ్యి ఎలాంటి చెయ్యి, గడ్డిపరకను ఒక్క దమ్ములో కిందినుంచి మీదికి లాగి, పైన ఊపిరంత సన్నంగా వదిలేసే చెయ్యి. బొమ్మ మర్నాడు ప్రెస్సుకు పోవాలి. తలుపు దగ్గరకు వేసి, బ్లేడుతో ఆ వణుకును గీకేసింది, మందపాటి కాగితం కాబట్టి పై పొర గీకితే సిరా పోతుంది, గోటి వెనకతో నూగు అణిచి, మళ్లీ గీసింది, ఆయన గీసినట్టే, కిందినుంచి మీదికి ఒకే దమ్ములో. అప్పుడు తన చెయ్యి ముప్పై రెండేళ్ల చెయ్యి. తెల్లారి ఆయన వచ్చి, కళ్లజోడు పైకి తోసి, బొమ్మను కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, “నిన్న చెయ్యి బాగానే నడిచినట్టుందే,” అన్నారు. నిజమే మాస్టారూ అంది. ఆయన కళ్లకు పొర, కనిపించలేదనుకుంది. ఏడు నెలలు అలాగే నడిచింది. ఆయన పగలంతా వణుకుతూ గీసేవారు, నాలుగింటికే వెళ్లిపోయేవారు, ఆ తర్వాత తను. పాపం, మతిమరుపు కూడా మొదలైంది ఆయనకు, పెన్ను తన వైపు కాకుండా ఈమె వైపు వదిలేసి పోయేవారు రోజూ. మాస్టారు ఎవరినీ మోసం చేయలేదు, తనే మాస్టారిని మోసం చేసింది, అదీ ఆయన మేలుకే, అయినా మోసమే. అందుకే కాబోలు ప్రతి బొమ్మలో మొక్క వేళ్ల కింద సంతకంగా ఆయన పెట్టే కొక్కెం లాంటి గుర్తు పక్కన, ఏ నీడకూ చెందని ఒక చుక్క పెట్టేది. గర్వమో, భయమో, ఉత్త పిల్లచేష్టో. ఎప్పటికైనా ఎవరైనా అడిగితే ఇదిగో అని చూపించడానికి. ఎవరూ అడగలేదు. మాస్టారు పోయి పన్నెండేళ్లు.

ఎనిమిదీ ముప్పై ఒకటి. ఇక ఇలా కాదు. రేకు అలా ఉంచి, పువ్వు కింద దొన్నెలా ముడిచిన ఆకు ఉందే, దాని అంచు గీద్దామనుకుంది, అక్కడ నూగు ఉంది, నూగు ఎటువైపు వాలిందో కంటికి ఆనడం లేదు. దీని దాయాది మొక్కను మాస్టారు గీశారు ఆ పుస్తకంలోనే, దాదాపు ఆఖరి బొమ్మ. పాత బొమ్మలన్నీ పోయినేడు స్కాన్ చేసి ఇందులోనే పెట్టారు, బీరువా తాళాల కోసం వెతుక్కునే పని లేదు. తెరిచింది. వచ్చింది, ముప్పై తొమ్మిదో బొమ్మ, పసుపెక్కిన కాగితంతో సహా. ప్రెస్సుకు పోయాక ఈ బొమ్మల ముఖం మళ్లీ చూడలేదు తను, చూడబుద్ధి కాలేదు. రెండు వేళ్లు విడదీసి దొన్నె అంచు పెద్దది చేసింది, నూగు పైకి వాలి ఉంది, సరే, తెలిసింది, మూసేయొచ్చు. మూసేయలేదు. వేళ్లు వాటంతటవే కిందికి జరిపాయి, కాడ వెంట, కణుపుల వెంట, తను గీకి గీసిన చోట్లన్నీ ఇంత పెద్దగా చూస్తే తెలుస్తున్నాయి, నూగు అణిగిన జాడలు, కిందికి, వేళ్ల దాకా, కొక్కెం దాకా. కొక్కెం పక్కన తన చుక్క. ఇంకా పెద్దది చేసింది.

రెండు ఉన్నాయి.

కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. రెండే. ఒకటి గుండ్రంగా, ఆవగింజలా, అది తనది, తన చుక్క తనకు తెలియదా. దాన్ని ఆనుకుని మరొకటి, ఒకవైపుకు తోక లాగినట్టు, దిగడం ఒకచోట దిగి లేవడం ఇంకోచోట లేచినట్టు. వణికిన చుక్క. కాగితం మీద, మామూలు కంటికి, రెండూ కలిసి ఒకటే. ముప్పై ఎనిమిదో బొమ్మ తెరిచింది, రెండు. ఇరవయ్యోది, రెండు. మొట్టమొదటిది ఏది, తను తలుపు వేసి గీకిన మొదటి బొమ్మ, ఏడోది, తెరిచింది, అందులో ఒకటే, తనది. ఎనిమిదోది, ఒకటి. తొమ్మిదోదిలో రెండు. అంటే పది రోజులు కూడా పట్టలేదు ఆయనకు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని ఊరికే అనలేదు. తెలుసు. ప్రతి ఉదయమూ ఆ కళ్లజోడు పైకి తోసి, నిన్న చెయ్యి బాగానే నడిచినట్టుందే అని, ముఖంలో ఒక్క కండరం కదలకుండా అన్నారే, ఎవరి చెయ్యి అని ఎప్పుడూ అనలేదు. నీ చెయ్యి అనీ అనలేదు, నా చెయ్యి అనీ అనలేదు. బొమ్మ కవరులో పెట్టే ముందు, తన చుక్కను వెతుక్కుని, ఆ పొర కమ్మిన కళ్లతో, ఆ వణికే చేత్తో, దాని పక్కనే, దాన్ని తాకేలా ఒక చుక్క పెట్టడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది ఆయనకు. దాని మీద పడకుండా పెట్టడానికి ఎన్నిసార్లు ఊపిరి బిగబట్టి ఉంటారు.

పెన్ను. మతిమరుపు కాదు. రోజూ పెన్ను ఈమె వైపే ఉండేది, ఊరికే కాదు, పాళీ కడిగి, సిరా నింపి, దాని పక్కన బ్లేడు. కొత్త బ్లేడు, కాగితం చుట్టు విప్పి, అంచు తన వైపు రాకుండా తిప్పి. సాయంత్రం నాలుగింటికి ఇంటికి పోయే మనిషికి కొత్త బ్లేడుతో ఏం పని. ఎంత తెలివితక్కువది తను, ఏడు నెలలు ఆ బ్లేడు తీసుకుని గీకింది, ఎక్కడనుంచి వచ్చిందని ఒక్కసారైనా అనుకోలేదు. అడగకుండా అడిగారు ఆయన. ఇచ్చి పుచ్చుకున్నారు ఇద్దరూ, ఒక్క మాట లేకుండా. సిగ్గుపడలేదు ఆయన. పెన్ను నింపి పెట్టి వెళ్లారు. మరి తను. ఇంట్లో గ్లాసు గలగలమంటుంటే పైటకొంగు అడ్డం పెట్టుకుంటుంది, కోడలు చూడకుండా, కట్టుకున్న ఆయన చూడకుండా. ఆయన చూడకుండానా. అరగ్లాసు టీ. నిండు గ్లాసయితే ఒలుకుతుంది, సగమయితే ఒలకదు. మళ్లీ పోస్తాలే తాగు. ఇన్నాళ్లుగా, రోజుకు రెండుసార్లు. పాలు కొనలేకపోతున్నావా అని దెప్పింది ఆయన్ని. కళ్లు నిండాయి, ఒక చుక్క అద్దం మీద పడింది కూడా, పడి ఒక రేకును పెద్దది చేసి చూపించింది, కొంగుతో తుడిచింది, తుడవగానే ఆ పిచ్చి అద్దం ఏదో తాకిందనుకుని బొమ్మలో ఒక గీతల పొరను దాచేసింది. నవ్వొచ్చింది. రెండు వేళ్లతో తట్టింది, పొర తిరిగొచ్చింది.

ఎనిమిదీ నలభై. పువ్వు కింది తెల్లరేకు ఈసారి నిజంగానే లోపలికి తిరిగింది. చుక్కలమ్మ పాత బొమ్మలు మూసి, స్మూతింగ్ మీట మీద పెన్ను పెట్టింది. పది. ఇరవై. ముప్పై ఐదు. ఆపింది. పై రేకు అంచు, ఎడమనుంచి కుడికి. చెయ్యి వణికింది, వణికిన సంగతి వేళ్లకు తెలిసింది, గీతకు తెలియలేదు. గీత కొద్దిగా వెనకబడి, పెన్ను వెంట మెల్లగా నడిచి వచ్చింది, ముసలివాళ్ల పక్కన అడుగు తగ్గించి నడిచే మనిషిలా, వంపు దగ్గర తొందరపడకుండా తిరిగి, చివర ఎక్కడ వదిలితే అక్కడ ఆగింది. ఎక్కడ వంచాలో అది చెప్పలేదు, అది ఈమే చెప్పింది. ఎంత లావు, ఎక్కడ సన్నం, ఎక్కడ వదిలేయాలి, అదంతా ఇరవై ఎనిమిదేళ్ల కన్నే చెప్పింది. నీ పని నువ్వు చూసుకో, నా పని నేను చూసుకుంటా, అన్నట్టు ఉంది ఆ అద్దం. రెండో రేకు. మూడు పెద్ద కేసరాలు, మూడు వేషగాళ్లు. కీలం, కేసరాల నడుమ సన్నటి కాడ, కొసకు వచ్చేసరికి వెంట్రుకంత. దొన్నె ఆకు, నూగు పైకి. ఊపిరి బిగబట్టలేదు, బిగబట్టలేదన్న సంగతి సగం పని అయ్యాక తెలిసింది. బయట కారిడార్లో ఎవరో బకెట్టు ఈడుస్తున్నారు, బెంచీ మీద మొక్కలాయన గురక పెడుతున్నాడు, ఎడమనుంచి ఎండ వచ్చి గ్లాసులో నీళ్ల మీద పడింది. చుక్కలు మొదలుపెట్టింది, నీడ కుడివైపు కింద, వేళ్లు దగ్గరికి చేసి అసలు సైజులో చూసుకుంటూ, ఒకదాన్నొకటి మింగకుండా, ఎడం ఎడంగా. ఎనిమిదీ యాభై ఆరుకు నీలి రేకులు అంచులు తడిసిన కాగితంలా మెత్తబడ్డాయి, యాభై తొమ్మిదికి ఒకదాని మీద ఒకటి వాలి లోపలికి చుట్టుకుపోయాయి. అప్పటికి పువ్వంతా అద్దంలో ఉంది.

ఆకులూ వేళ్లూ గీసేసరికి పదయింది, వాటికి తొందర లేదు కాబట్టి అవి సుఖంగా వచ్చాయి. కొలత గీత వేసింది. వేళ్ల కింద తన గుర్తు, నువ్వుగింజంత సున్నా, పెట్టింది. తర్వాత మీటను కిందికి, సున్నాకు లాగింది. పక్కన ఒక చుక్క పెట్టింది. అది దిగడం ఒకచోట దిగి, లేవడం ఇంకోచోట లేచింది. తోకతో సహా అలాగే ఉంది.

డైరెక్టరుగారు చెప్పులు చప్పుడు కాకుండా వచ్చి వెనక నిలబడింది. తర్వాత, “గీత ఎంత బాగా వచ్చిందమ్మా. మీ కాగితం బొమ్మలాగే ఉంది,” అంది. వంగి, రెండు వేళ్లతో కేసరాలు పెద్దవి చేసి చూసింది, కాడ వెంట కిందికి వచ్చింది, వేళ్ల దగ్గర ఆగింది. “ఇక్కడ ఒక చుక్క పొరపాటున పడ్డట్టుంది. వెనక్కి తీసేయనా?” అంటూ వేళ్లు ఎత్తింది.

చుక్కలమ్మ ఆ చేతిని మెల్లగా పట్టుకుని ఆపింది. పట్టుకున్న తన చెయ్యి వణుకుతూనే ఉంది, ఈసారి వెనక్కి తీసుకోలేదు.

“ఉండనివ్వండి,” అంది. “నా చెయ్యి వణుకుతోందండి. రెండేళ్లయింది.”